కోసీ నది – కట్టని డ్యామ్

నేపాల్ కొండల్లోంచి బీహార్ మైదానంలోకి దూకే నది కోసీ. కొండలు దిగేచోట, బరాహక్షేత్రం వద్ద పెద్ద డ్యామ్ కట్టి వరదను నిల్వ చేయాలని 1940లలోనే పరిశీలించారు. ఖర్చు ఎక్కువని పక్కన పెట్టారు. 1954 ఒప్పందంతో బ్యారేజీ, దాని దిగువన రెండువైపులా కరకట్టలు వచ్చాయి.

చదువుతూ మేము ఆగిపోయింది ఇక్కడే. పొలాలకు చేరాల్సిన ఒండ్రు కట్టల మధ్యే పేరుకుని నది అడుగు పైకి లేచింది. వందలాది ఊళ్లు కట్టల లోపలే మిగిలాయి. వాళ్లకు ఏ రక్షణ?

2008 ఆగస్టు 18న కుసహా వద్ద కట్ట తెగింది. బ్యారేజీ సామర్థ్యం 9.5 లక్షల క్యూసెక్కులు. ఆ రోజు ప్రవాహం 2 లక్షలు కూడా లేదు!

269 మీటర్ల డ్యామ్ కోసం 2004లో మళ్లీ సర్వే కార్యాలయం తెరిచారు. ఎంత నీరు ఆగుతుందన్న లెక్క కన్నా, ఎన్నేళ్లలో పూడుతుందన్న లెక్కనే మేము ముందు చూస్తాం.