వైమానికుని నిద్ర, వైమానికుని వేతనము

విమానము నెక్కునపుడు దాని ప్రక్కన వ్రాసియున్న పేరును చూచి మనము ధైర్యము తెచ్చుకొందుము. అమెరికాలో ఆ పేరు పెద్ద సంస్థదే యైనను, లోపలి చోదకునికి జీతమిచ్చునది పలుమార్లు వేరొక చిన్న సంస్థ. పెద్ద సంస్థలు తమ దగ్గరి దారులను ఇట్టి వానికి గుత్తకిచ్చును. గుత్త దక్కవలెనన్న ఖర్చు తగ్గింపవలెను. ఇంధనము ధర, విమానము ధర వాని చేతిలోనివి కావు, చేతిలోనున్నది జీతమే.

2009 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి, న్యూయార్క్ రాష్ట్రమున బఫెలో నగర సమీపమున ఇట్టి విమానమొకటి ఒక ఇంటిమీద కూలినది. కాంటినెంటల్ పేరిట దానిని నడిపినది కోల్గన్ ఎయిర్ అను సంస్థ. విమానములోని 49 మందియు, ఆ ఇంటిలోని ఒకరును మరణించిరి. వేగము మితిమీరి తగ్గినదని హెచ్చరిక రాగా, ప్రధాన చోదకుడు విమానపు ముక్కును దింపుటకు మారుగా పైకెత్తెను. ఇదియే ముఖ్యకారణమని విచారణ సంఘము తేల్చినది. అలసట వారి పనితీరును మందగింపజేసి యుండవచ్చుననియు, ఎంతమేరకో నిర్ణయింపజాలమనియు చెప్పినది.

ఆ అలసట ఎచ్చటిది? సహచోదకురాలి నివాసము సియాటిల్ సమీపమున తల్లిదండ్రుల ఇంట. ఉద్యోగ కేంద్రము ఖండపు ఆవలి కొసనున్న నెవార్క్. ముందు రాత్రి ఆమె సరకుల విమానములలో, మెంఫిస్‌లో ఒకటి దిగి మరొకటి యెక్కి, ఉదయమునకు నెవార్క్ చేరినది. ప్రధాన చోదకుడు ఆ రాత్రి సిబ్బంది గదిలోనే గడిపెను. కాగితముమీద ఇరువురికిని అది విశ్రాంతి సమయమే! ఆమె వార్షిక వేతనము సుమారు 16 వేల డాలర్లన్న మాట బహిరంగ విచారణలో వినవచ్చెను. అంతకంటె ఎక్కువేయని సంస్థ తరువాత చెప్పినది. ఏ లెక్క తీసుకొన్నను, ఆ మహానగర పరిసరములలో వేరుగా ఒక గది అద్దెకు తీసుకొనుట కష్టమే.

ఇక పని లెక్క. అచ్చట సామాన్యముగ గంటల కూలి. విమానము కదలినపుడు లెక్క మొదలై, గమ్యమున నిలిచినపుడు ముగియును. వాతావరణ సమాచారము చూచుట, విమానము చుట్టు తిరిగి పరీక్షించుట, తరువాతి ప్రయాణమునకై కాచియుండుట ఆ లెక్కకు రావు. దూరప్రయాణపు చోదకుడు దినమున కొకసారి ఎగిరి దిగగా, చిన్న సంస్థవాడు నాలుగైదు మార్లు ఎగిరి దిగవలసి వచ్చును. ఇందులో శ్రమయంతయు ఎక్కుట, దిగుటలయందే యున్నదని వేరుగ చెప్పనక్కరలేదు.

మృతుల బంధువుల పట్టుదలవలన 2010లో చట్టము వచ్చినది. సహచోదకునికి 1,500 గంటల అనుభవము సామాన్య నియమమైనది. 2014 జనవరినుండి పనికి ముందు 10 గంటల విశ్రాంతి, అందు 8 గంటల నిద్రకు అవకాశము తప్పనిసరి. ఎక్కువమార్లు ఎగురువారికి పనిగంటల పరిమితి తగ్గినది. జీతముల మాట మాత్రము చట్టములో లేదు. అవి పెరిగినది చోదకుల కొరతవలన: కోవిడ్ కాలమున పెక్కురు పదవీ విరమణ చేయగా, 2022లో పీడ్‌మాంట్, ఎన్వాయ్ సంస్థలు క్రొత్త సహచోదకునికి గంటకు 90 డాలర్లు ప్రకటించెను.

ఇంటినుండి ఉద్యోగ కేంద్రమునకు చేయు ప్రయాణము ఇప్పటికిని పనిగంటలలో చేరదు. అలసిపోకుండ వచ్చుట చోదకుని బాధ్యత. సరకుల విమానములకు 2014 నాటి విశ్రాంతి నిబంధనలు వర్తింపవు. ఆ సంస్థలు కోరినచో పాటింపవచ్చును.