ఆలివ్ నడిచింది కలలో కాదు

అర్ధరాత్రి ఆలివ్ ఆయిల్ మంచం దిగి నిద్రలోనే బయటికి నడుస్తుంది. నడిచి నడిచి, సగం కట్టిన ఎత్తయిన భవనం మీదికి చేరుతుంది. ముందు వేసే అడుగుకు కింద ఆధారం ఉండదు. సరిగ్గా పాదం ఆనే క్షణానికి ఒక ఇనుప దూలం వచ్చి అందుతుంది. ఆమెను కాపాడేది నేనంటే నేనని పొపాయ్, బ్లూటో ఆ ఎత్తులోనే కలబడి ఒళ్ళు హూనం చేసుకుంటారు. ఆలివ్‌కు మాత్రం గోరంత గీత కూడా పడదు. క్షేమంగా తిరిగొచ్చి పడుకుంటుంది. 1934లో ఫ్లీషర్ స్టూడియో తీసిన పొపాయ్ కార్టూన్ 'ఎ డ్రీమ్ వాకింగ్' కథ ఇది. మరుసటి ఏడాది అదే స్టూడియో 'ది హిప్-నట్-టిస్ట్' తీసింది. అందులో బ్లూటో హిప్నాటిజం చేస్తే ఇదే ఆలివ్ కోడిపెట్టలా ప్రవర్తిస్తుంది.

రెండూ ఇప్పటికీ కడుపుబ్బ నవ్విస్తాయి. కానీ నిద్రలో నడక, హిప్నాటిజం ఒకే తానులో ముక్కలన్న నమ్మకం మనలో పాతుకుపోవడానికి ఇలాంటి బొమ్మలు కూడా కారణమే. నిజానికి ఆ పొరపాటు కార్టూన్ల కంటే చాలా పాతది. 1784లో ఫ్రాన్స్‌లో ప్యుయ్‌సెగూర్ అనే భూస్వామి తన పల్లెలో విక్టర్ అనే యువ రైతుకు మెస్మర్ అనే వైద్యుడి పద్ధతిలో, అంటే హిప్నాటిజానికి పూర్వరూపమైన మెస్మరిజంతో, వైద్యం చేయబోయాడు. విక్టర్ నిద్రపోయినట్టు కనిపిస్తూనే మాట్లాడాడు, అడిగినదానికి జవాబు చెప్పాడు, లేచాక అదేమీ గుర్తు లేదన్నాడు. ఇది నిద్రలో నడక లాంటిదేనని, మనిషి కృత్రిమంగా కలిగించినదని ప్యుయ్‌సెగూర్ అనుకున్నాడు. 1840లలో మాంచెస్టర్ వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ నిద్ర అని అర్థమిచ్చే 'హిప్నోస్' అనే గ్రీకు మాట మీదుగా 'హిప్నాటిజం' అన్న మాటను వ్యాప్తిలోకి తెచ్చాడు. అలా పేరులోనే నిద్ర వచ్చి కూర్చుంది. ఆ పేరు సరికాదని తర్వాత బ్రెయిడే గ్రహించి మార్చాలని చూశాడు. అప్పటికే అది జనం నోళ్ళలో పడిపోయింది.

మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ వచ్చాక ఈ ముడి వీడింది. హిప్నాటిజానికి లోనైన మనిషి తరంగాలు మెలకువగా ఉన్నవాడి తరంగాల్లాగే ఉంటాయి. అతను నిద్రపోవడం లేదు. ధ్యాసంతా ఒకే చోట పెట్టి, ఎదుటివాడి సూచనకు మనసు అప్పగించాడు, అంతే. ఇందులో హిప్నాటిస్టు చూపులకున్న మహిమ కన్నా, సూచనకు లొంగే గుణం ఆ మనిషిలో ఎంత ఉందన్నదే ముఖ్యం. అది అందరిలో ఒకే తీరుగా ఉండదు. కొందరి మీద ఎంత ప్రయత్నించినా ఏమీ జరగదు. అలాగని దీన్ని ఉత్త గారడీగా కొట్టిపారేయకూడదు. మత్తుమందులు ఇంకా రాని 1845లో మన దేశంలోనే, బెంగాల్‌లోని హుగ్లీలో, జేమ్స్ ఎస్డైల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు మెస్మరిజంతో రోగుల బాధ తగ్గించి పెద్ద పెద్ద కణితులకు ఆపరేషన్లు చేశాడు. నొప్పిని అదుపు చేయడానికి హిప్నాటిజాన్ని ఇప్పటికీ వాడుతున్నారు.

నిద్రలో నడక సంగతి వేరు. అది అసలైన నిద్ర, అందులోనూ గాఢమైన నిద్ర. సాధారణంగా రాత్రి మొదటి మూడోవంతులో, కలలు అంతగా లేని దశలో వస్తుంది. కలలు జోరుగా వచ్చే దశలో శరీరం కండరాలను దాదాపు స్తంభింపజేస్తుంది కాబట్టి, అప్పుడు లేచి నడవడం మామూలుగా కుదరదు. ఆ లెక్కన 'ఎ డ్రీమ్ వాకింగ్' అన్న పేరులోని 'డ్రీమ్' (కల) అన్న మాటే తప్పు. 2000లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఒక యువకుడు నిద్రలో లేచిన సమయంలో మెదడులో రక్తప్రసరణను చిత్రించారు. కదలికలకు, ఉద్వేగాలకు సంబంధించిన లోపలి భాగాలు చురుగ్గా ఉన్నాయి. ఆలోచించి నిర్ణయించే ముందు భాగం మాత్రం పడుకునే ఉంది. ఒకే మెదడులో సగం మెలకువ, సగం నిద్ర!

నిద్రలో నడిచే పిల్లవాణ్ణి దగ్గరగా చూస్తే కార్టూన్ బొమ్మకూ అతనికీ పోలికే ఉండదు. చేతులు ముందుకు చాచడు. కళ్ళు తెరిచే ఉంటాయి, కానీ ఆ చూపు మన మీద నిలవదు. తలుపు గడియతో కుస్తీ పడతాడు, లేదా బాత్రూమ్ అనుకుని గది మూలన నిలబడతాడు. పిలిస్తే పొంతన లేని మాట ఒకటి అంటాడు. తెల్లారి అడిగితే చాలావరకు ఏమీ గుర్తుండదు. పెద్దల కన్నా పిల్లల్లో ఇది ఎక్కువ. తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. చాలామందికి ఎదిగే కొద్దీ దానంతటదే పోతుంది. నిద్ర చాలకపోయినా, జ్వరం తగిలినా ఎక్కువవుతుంది. దీన్ని గాలి సోకిందనో, ఎవరో చేతబడి చేశారనో అనుకుని ఆ పసివాణ్ణి భయపెట్టడం అన్యాయం.

మధ్యలో లేపితే ప్రాణం పోతుందన్నది అపోహ. కాకపోతే కంగారుపడి పెనుగులాడవచ్చు. అందుకే గట్టిగా కుదపకుండా, భుజం మీద చెయ్యి వేసి మెల్లగా పక్క మీదికి నడిపించాలి. అసలు భయపడాల్సింది పడిపోవడానికి. ఆలివ్ పాదం కిందికి వచ్చినట్టు మన పిల్లల పాదం కిందికి ఏ దూలమూ రాదు. ఈ అలవాటున్న పిల్లలుంటే వేసవిలో డాబా మీద పడుకోబెట్టకండి. వీధి తలుపుకు వాళ్ళకు అందనంత ఎత్తున గడియ పెట్టించండి. తరచూ జరుగుతున్నా, దెబ్బలు తగులుతున్నా, పెద్దయ్యాక కొత్తగా మొదలైనా డాక్టరుకు చూపించండి.