నీళ్లను పెంచే విద్య

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలని మనసుపడ్డవాళ్లకు మొదట తట్టేది కల్లు ఉప్పు. నౌపడాలోనో చినగంజాంలోనో సముద్రపు నీటిని ఎండబెట్టి తీసిందే కదా, దాన్ని తిరిగి నీళ్లలో కలిపితే సముద్రం తయారవదా అని అడుగుతారు. మంచి ప్రశ్న. జవాబు ఆ ఉప్పు మడిలోనే ఉంది. మడిలో నీరు ఆవిరయ్యే కొద్దీ ముందుగా సున్నపు లవణాలు, తర్వాత జిప్సం అడుగున పేరుకుంటాయి. మనం తినే ఉప్పు గడ్డకట్టేది ఆ తర్వాతే. మెగ్నీషియంలో చాలా భాగం చివరికి మిగిలే చేదు నీటితో పోతుంది. చేతికొచ్చిన ఉప్పులో దాదాపు అంతా సోడియం క్లోరైడే. అక్వేరియంలో పెంచే పగడానికి కావలసిన కాల్షియం ముందే దిగిపోయింది, మెగ్నీషియం వెనకే ఉండిపోయింది. ఆ ఉప్పు కలిపిన నీటిలో ఊరగాయ వేసుకోవచ్చు గాని పగడం బతకదు.

లీటరు సముద్రపు నీటిలో అన్ని లవణాలూ కలిపి సుమారు 35 గ్రాములుంటాయి. అందులో కాల్షియం 0.4 గ్రాములు, మెగ్నీషియం 1.3 గ్రాములు. ఒక సముద్రం ఎక్కువ ఉప్పగా, ఇంకొకటి తక్కువ ఉప్పగా ఉండవచ్చు. కానీ ఈ ముఖ్యమైన లవణాల మధ్య పాళ్లు మాత్రం నడిసముద్రంలో ఎక్కడ చూసినా దాదాపు ఒకటే. అక్వేరియం దుకాణాల్లో రీఫ్ సాల్ట్ పేరుతో అమ్మే పొడి ఆ పాళ్లను పట్టి తయారుచేసింది. 200 లీటర్ల తొట్టికి అది ఏడు కిలోలకు పైగా పడుతుంది. దాన్ని కలిపే నీరు కుళాయి నీరో బోరు నీరో కాకూడదు. వాటిలోని ఫాస్ఫేటు, నైట్రేటు, సిలికా నాచుకు ఎరువు. ఆర్‌ఓలో వడగట్టి, మిగిలిన లవణాలను కూడా పట్టేసే రెజిన్ గుండా పంపిన నీరు వాడాలి.

చేపల తొట్టి అని పిలుస్తాం గాని, మనం పెంచవలసింది నీటిని. నీరు కుదురుగా ఉంటే చేప, పగడం వాటంతట అవే పెరుగుతాయి. ఈ మాట మన కోస్తాలో ఎవరికైనా అర్థమవుతుందంటే అది ముందు రొయ్యల రైతుకే. భీమవరం చుట్టుపక్కల చెరువు చేసేవాళ్లు సెలినిటీ, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా అన్న మాటలను వడ్ల ధర మాట్లాడినంత మామూలుగా మాట్లాడతారు. పగడాలు పెంచే రీఫ్ తొట్టి యజమాని పుస్తకంలో రాసుకునే అంకెలు కూడా సరిగ్గా అవే.

మొదటి వేసవిలో నేను చేసిన పొరపాటు చెబుతాను. ఎండకు తొట్టిలో రోజూ రెండు లీటర్ల దాకా నీరు తగ్గేది. తగ్గింది సముద్రపు నీరు కాబట్టి ఉప్పు కలిపిన నీటినే పోస్తూ వచ్చాను. రెండు వారాలు గడిచేసరికి పుట్టగొడుగుల్లా విచ్చుకుని ఉండే మష్‌రూమ్ పగడాలు ముడుచుకుపోయి గోలీల్లా అయ్యాయి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేసి వెలుతురుకు పట్టి చూస్తే 35 ఉండాల్సిన చోట 40 చూపించింది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. బడిలో చదువుకున్న సంగతే. తగ్గిన నీటికి బదులు ఉప్పు లేని మంచినీరే పోయాలి, అదీ రోజూ కొంచెం కొంచెంగా. ఈ ఒక్కటి తప్పకుండా పాటిస్తే సగం కష్టం తీరినట్టే.

నీరు కలిపాక చేపలను వదలడానికి నెల, నెలన్నర ఆగాలి. ఖాళీ తొట్టిలో ఒక పచ్చి రొయ్యను వేసి కుళ్లనిస్తారు. దాన్నుంచి అమ్మోనియా పుడుతుంది. పరీక్షకు తీసిన గాజు గొట్టంలో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు ముదురాకుపచ్చకు తిరుగుతుంది. కొన్నాళ్లకు అమ్మోనియాను తినే బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడి, దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. ఇప్పుడు నైట్రైటు గొట్టం ఊదా రంగుకు వస్తుంది. ఇంకొన్నాళ్లకు ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చే వేరే బ్యాక్టీరియా పెరుగుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చిన రోజు తొట్టి సిద్ధమైనట్టు. మంచినీటి చేపలు పెంచినవాళ్లు ఈ విషయంలో కాస్త తొందరపడతారు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న నీటితో పోలిస్తే ఇక్కడ అమ్మోనియాలో విషరూపం పది రెట్లకు పైగా ఎక్కువ. అక్కడ చేపను నీరసపరిచే మోతాదు ఇక్కడ ప్రాణం తీస్తుంది.

ఈ బ్యాక్టీరియాకు ఇల్లు రాయి. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఒక అమెరికన్ పత్రికలో తన తొట్టి గురించి రాశాడు. ఆయన సముద్రం నుంచి జీవంతో ఉన్న రాళ్లను తెచ్చి పెట్టి, గాలిబుడగలు వదిలి, ఎండ తగలనిచ్చాడు. పెద్ద పరికరాలేవీ లేవు. శుద్ధి చేసే పని రాయే చేసింది. తర్వాత జర్మనీలో ఆ రాళ్లకు ప్రొటీన్ స్కిమ్మర్‌ను, సున్నపు తేటను జోడించారు. దానికి బెర్లిన్ పద్ధతి అని పేరు. స్కిమ్మర్ చేసేది కందిపప్పు ఉడికేటప్పుడు పైకి తేలిన నురగను గరిటెతో తీసేసే పనే. సన్నని గాలిబుడగలకు వ్యర్థ ప్రొటీన్లు అంటుకుని నురగగా పైన గిన్నెలోకి చేరతాయి. అందులో చేరే గోధుమరంగు నీళ్ల కంపు భరించలేం. అంత మురికి కుళ్లకముందే తొట్టి నుంచి బయటికొచ్చిందన్నమాట.

సున్నపు తేట సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. బడిలో సున్నపు తేటలోకి గొట్టంతో ఊది, అది పాలలా తెల్లబడటం చూశాం. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నంతో కలిసి సున్నపురాయిగా మారడమే ఆ తెలుపు. పగడం జీవితాంతం చేసే పని ఇదే, కాకపోతే ఎంతో నేర్పుగా. నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేటును తీసుకుని పొర మీద పొరగా రాయి కట్టుకుంటుంది. పగడాలు నిండిన తొట్టిలో ఈ రెండూ రోజురోజుకూ తరిగిపోతాయి. సున్నపు తేటలో కాల్షియమూ ఉంది, క్షారమూ ఉంది, అదీ పగడం వాడుకునే పాళ్లలోనే. లీటరు నీటిలో సున్నం కరిగేది గ్రామున్నర పైచిలుకే. అడుగున తేరుకున్న ముద్దను వదిలేసి పైన తేటను మాత్రం రాత్రిపూట చుక్కలు చుక్కలుగా పడనిస్తారు. చీకట్లో కిరణజన్య సంయోగక్రియ ఆగి పీహెచ్ కిందికి జారుతుంది కాబట్టి అప్పుడే ఈ క్షారం పనికొస్తుంది. ఒక్కసారిగా గుమ్మరిస్తే బడిలో చూసిన తెలుపే తొట్టి నిండా కనిపిస్తుంది. తాంబూలం సున్నం, గోడల సున్నం దీనికి వాడకూడదు. కల్తీలేని కాల్షియం హైడ్రాక్సైడ్ కావాలి.

మన ఊళ్లలో ఒకప్పుడు గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి, నీళ్లు చల్లి గుల్ల సున్నం చేసేవారు. ఆ గుల్ల, పగడపు రాయి రెండూ కాల్షియం కార్బొనేటే. బట్టీలో రాయి సున్నమైంది. తొట్టిలో ఆ సున్నం మళ్లీ రాయవుతోంది. నాకు ఈ విద్య మీద ఇంత ఇష్టం కలగడానికి ఈ సంగతే కారణం.

పగడం జంతువే అయినా దాని కణాల్లో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. అవి వెలుతురులో తయారుచేసే ఆహారమే పగడానికి అవసరమయ్యే శక్తిలో 90 శాతం దాకా సమకూరుస్తుంది. అందుకే నీలం పాలు ఎక్కువున్న ఎల్‌ఈడీ దీపాలు వాడతారు. సముద్రపు నీరు ఎరుపును ముందే మింగేస్తుంది, లోతుకు చేరేది నీలమే. అలవాటైన వేడిని మించి ఒకటి రెండు డిగ్రీలు కొన్ని వారాలు నిలిస్తే పగడం ఆ శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడుతుంది. తొట్టి నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల విజయవాడలో ఇది తేలిక కాదు. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే కుండలో నీరు చల్లబడ్డట్టే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కోస్తా ఉక్కపోతలో ఆ ఉపాయం అంతగా పారదు, చిల్లర్ కొనక తప్పదు. కరెంటు పోయినప్పుడు వేడికన్నా ముందు ఊపిరాడక చేపలు చస్తాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఇది లేకుండా తొట్టి మొదలుపెట్టవద్దనే అంటాను.

ఇక ఏం పెంచాలి? ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి. పగడపు దిబ్బలను కట్టే రాతి పగడాలు, నల్ల పగడం, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో పెకలించి తెచ్చిన పగడాన్ని, చివరికి చచ్చిన పగడపు రాయిని కొన్నా నేరమే. అమెరికాలో ఉన్న మన పిల్లలు పెంపకపు తొట్లలో ముక్కలు కోసి పెంచిన రాతి పగడాలను కొనుక్కోగలరు. ఇక్కడ మనం కృత్రిమంగా చేసిన రాళ్లతో, మష్‌రూమ్, లెదర్ వంటి మెత్తని పగడాలతో సరిపెట్టుకోవాలి. వాటికి సున్నపు తేట అంతగా అక్కర్లేదు. వారానికి పదో వంతు నీరు మార్చితే చాలు. జోయాంథస్ జాతి పగడాలను పెంచేవాళ్లు ఒక జాగ్రత్త మరవొద్దు. వాటిలో కొన్నింట పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాయిని శుభ్రం చేద్దామని ఎప్పుడూ వేడినీటిలో ఉడకబెట్టకూడదు. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రుల పాలైన కుటుంబాలున్నాయి.

చేపల్లో మొదట క్లౌన్ చేపల జతనే తెచ్చుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని మనదేశంలోనే రూపొందించింది. పుట్టినప్పుడు ఇవన్నీ మగవే. గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది, అది చనిపోతే దాని జోడీ మగది ఆ స్థానంలోకి వస్తుంది. దుకాణంలో చేపను చూపించగానే అది హేచరీదా, సముద్రంలో పట్టిందా అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే కొనకండి. కొనేముందు ఇంట్లోవాళ్లతో ఒక మాట అనుకోవడం కూడా అవసరం. బాగా చూసుకున్న తొట్టిలో క్లౌన్ చేప ఇరవై ఏళ్లు బతుకుతుంది.