కంప్యూటరు మౌసు: ఎంపికలో గమనింపవలసిన విషయములు

గ్రామ పంచాయతీ కార్యాలయమునకు కంప్యూటరు కొనవలసివచ్చినపుడు సభ్యులు దాని ధరను, తయారీదారుల పేరును, పూచీకాలమును విచారించి తీర్మానము చేయుదురు. ప్రింటరును గూర్చియు కొంత చర్చ జరుగును. కాని దినమంతయు పనిచేయువారి చేతిక్రిందనే ఉండు మౌసును గూర్చి ప్రశ్నించువారు అరుదు. కంప్యూటరుతో వచ్చినదానిని వాడుదురు; అది చెడినపుడు బజారునకు ఎవరినైన పంపి, చేతికందినదానిని తెప్పింతురు. ఇంత చిన్న వస్తువునకు ఇంత విచారణ యెందుకని కొందరికి తోచవచ్చును.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయముల వ్యవస్థ ప్రారంభమైనది. 2020 ఏప్రిల్ 24వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఈ-గ్రామస్వరాజ్ అను ఏర్పాటును ప్రవేశపెట్టినది. పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు, చెల్లింపులు కంప్యూటరు మీదనే నమోదగుచున్నవి. వాల్మీకిపురము చుట్టుపట్ల పల్లెలనుండి ఒక టమాటా రైతు ఒక పూట కోత పని మానుకొని, ధ్రువపత్రమునకై సచివాలయమునకు వచ్చినాడనుకొందము. తెరమీది బాణపు గుర్తు ఒకచోట నిలువక ఎగిరిపడుచున్నను, ఒకసారి నొక్కిన మీట రెండుసార్లు నొక్కినట్లు పనిచేయుచున్నను, అతని దరఖాస్తులో సొంత గ్రామమునకు బదులు పట్టికలో దాని క్రిందనున్న గ్రామము నమోదగుటకు అవకాశము కలదు. సవరణకై అతడు మరియొక పూట రావలెను. ఐదు వందల రూపాయలైనను చేయని పరికరము వలన ఒక కుటుంబమునకు కలుగు నష్టము దాని ఖరీదును మించిపోవుచున్నది.

పనిచేయు విధానము

ఈ పరికరమును అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ రూపకల్పన చేయగా, ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ 1964లో మొదటి నమూనాను తయారుచేసెను. అది కేవలము చెక్కతో చేసిన చిన్న పెట్టె. అడుగున ఒకదాని కొకటి అడ్డముగా తిరుగు రెండు చక్రములు, పైన ఒకే మీట ఉండెను. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున దానిని సభాముఖమున ప్రదర్శించిరి. తోకవలె వ్రేలాడు తీగను బట్టి ఎలుక అను అర్థము గల ఆ పేరు వచ్చెనందురు. గాదెలోని ధాన్యమునకు శత్రువైన ఆ ప్రాణి పేరును తెలుగు చేసి కార్యాలయములలోనికి తేకుండుట మనవారు చేసిన మంచి పనియే.

చక్రముల పిదప అడుగున రబ్బరు పూతగల గుండు దొర్లెడి మౌసులు చాలకాలము చలామణి అయినవి. మన ప్రాంతపు దుమ్ము ఆ గుండునకు అంటుకొనుట, దానిని ఊడదీసి తుడుచుట పాత ఉద్యోగులకు జ్ఞాపకముండును. 1999 నుండి గుండు లేని మౌసులు బజారున విరివిగా రాసాగినవి. నేటి మౌసు అడుగున ఒక చిన్న దీపమును, ఒక చిన్న కెమెరాయును కలవు. దీపము బల్లమీద వెలుగు పడవేయగా, కెమెరా సెకనుకు వేయికి పైగా చిత్రములు తీయును. బల్లమీది సన్నని గరుకు ఒక చిత్రమునుండి మరియొక చిత్రమునకు ఎంత జరిగినదో లెక్కకట్టి, లోపలి యంత్రభాగము బాణపు గుర్తును అంత జరుపును.

ఈ సంగతి తెలిసినచో కార్యాలయములలోని సగము ఫిర్యాదులకు కారణము బోధపడును. మన కార్యాలయపు బల్లలపై అద్దము పరచి, దాని క్రింద క్యాలెండరు కాగితములు, దేవుని పటములు ఉంచుట వాడుక. అద్దమునకు గరుకు లేదు. కనుక కెమెరాకు లెక్కించుటకు ఏమియు కానరాదు. బాణము నిలిచిపోవుటయో, ఎగురుటయో జరుగును. నున్నని గ్రానైటు బల్లపైనను ఒక్కొక్కప్పుడిట్లే జరుగుచుండును. మౌసు చెడినదని పారవేయుటకు ముందు దాని క్రింద ఒక గుడ్డ అట్టనో, అదియు లేనిచో ఒక నోటుపుస్తకమునో ఉంచి చూడవలెను. పెక్కు సందర్భములలో కొత్త మౌసు అవసరము తీరిపోవును.

పెట్టెమీది అంకెలు

దుకాణములో ప్రతి పెట్టెమీదను పెద్ద అక్షరములతో డి.పి.ఐ. అను సంఖ్య ముద్రింపబడియుండును. 1,000 అని కొన్ని, 16,000 అని కొన్ని, అంతకు మించినవి మరికొన్ని. సంఖ్య పెరిగినకొలది ధర పెరుగును. కాబట్టి నాణ్యము కూడ పెరుగునని కొనువారు భావింతురు. ఇది సరికాదు.

మౌసును ఒక అంగుళము జరిపినపుడు అది ఎన్ని చుక్కల దూరమును లెక్కించునో తెలుపునదే ఈ సంఖ్య. సాధారణముగా వాడుకలోనున్న తెరకు అడ్డముగా 1,920 చుక్కలుండును. కంప్యూటరులోని వేగపు అమరికలు కలుగజేసికొననిచో, 1,000 డి.పి.ఐ. గల మౌసును రెండంగుళములకు కొంచెము తక్కువగా జరిపిన బాణము తెర ఈ కొననుండి ఆ కొనకు పోవును. చేతికి ఇది సుఖమైన దూరము. 16,000 వద్ద ఆ పని అంగుళములో ఎనిమిదవ వంతుతో, అనగా దాదాపు 3 మిల్లీమీటర్లతో, ముగియును. అంత సన్నని కదలికను అదుపులో నుంచుట మనుష్యుని చేతికి సాధ్యము కాదు. ఆటలలో ఆరితేరినవారు సైతము చాలమంది 400 మొదలు 1,600 లోపల నుంచుకొందురు. మదనపల్లె మార్కెట్టులో టమాటా పెట్టెలను తూచుటకు ఎవరును కంసాలి త్రాసును తీసికొనిపోరు గదా!

రెండవది పోలింగ్ రేటు. పంచాయతీ సభ్యులకు ఈ మాట ఎన్నికలను జ్ఞప్తికి తెచ్చును గాని, ఇచట దాని అర్థము వేరు. మౌసు తాను ఎంత జరిగినదో కంప్యూటరునకు సెకనుకు ఎన్నిసార్లు తెలుపునో ఆ సంఖ్య యిది. మామూలు మౌసు 125 సార్లు, అనగా సెకనులో వేయింట ఎనిమిది వంతుల కొకసారి తెలుపును. ఆటలకై చేసినది 1,000 సార్లు తెలుపును. వీని మధ్య వ్యత్యాసము సెకనులో వేయింట ఏడు వంతులు మాత్రమే. కనురెప్ప పాటునకు వేయింట నూరు వంతులకు పైగా పట్టును. అంతేకాక సెకనుకు 60 సార్లు బొమ్మను మార్చు సాధారణపు తెర, మామూలు మౌసు కంటెనే నిదానమైనది. కనుక దరఖాస్తు నింపువానికి ఈ సంఖ్యతో నిమిత్తము లేదు. గురిచూచి కొట్టు ఆటలు ఆడువారికి, అందునను వేగముగల తెర ఉన్నవారికి, కొంత ప్రయోజనము కలదు.

చేతి కొలత

పెట్టెమీద ముద్రింపనిదియు, అన్నిటికంటె ముఖ్యమైనదియు మౌసు ఆకారము. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేయువారిని అడిగినచో, చేతికి పొసగని నాడెతో దినమంతయు పనిచేయుట ఎట్టిదో చెప్పగలరు. కొడవలి పిడి విషయమై ఏ రైతునకును మనము బోధింప నక్కరలేదు. మౌసు కూడ చేతి పనిముట్టే.

మణికట్టు ముడత నుండి నడిమివ్రేలి కొన వరకు కొలిచిన 17 సెంటీమీటర్లకు తక్కువైనచో చిన్న మౌసు, 17 నుండి 19 వరకు మధ్యస్థము, అంతకు మించినచో పెద్దది సరిపోవునని స్థూలముగా చెప్పవచ్చును. సచివాలయములలో పనిచేయువారిలో స్త్రీలు పెక్కుమంది కలరు. అందరికిని ఒకే పెద్ద మౌసు కొని ఇచ్చుట సరికాదు. అరచేయి అంతయు ఆన్చి పట్టువారికి వెనుకభాగము ఎత్తుగా ఉన్నది మేలు. వ్రేళ్ళ కొనలతో పట్టి కదలించువారికి చిన్నదియు, తేలికైనదియు తగును. ఎడమచేతివాటము గలవారు కూడ ఉందురు. కుడిచేతి బొటనవ్రేలికై ప్రక్క లోతు చేసిన మౌసు వారికి పనికిరాదు. అనేకులు వాడు కార్యాలయమునకు ఇరువైపుల సమానముగా ఉన్నది కొనుటయే ఉచితము. మీటలను ఎడమ కుడులుగా మార్చుకొను అమరిక కంప్యూటరులోనే కలదు.

పనిచేయునపుడు మోచేయి ఇంచుమించు బల్ల ఎత్తున ఉండి, మణికట్టు పైకి వంగక తిన్నగా ఉండవలెను. రాత్రివేళల బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కుచున్నచో మణికట్టులోని నరముపై ఒత్తిడి కలుగుచున్నదని అనుమానింపవలెను. అట్టివారు వైద్యుని సంప్రదింపవలెను. నిలువుగా పట్టుకొను మౌసులు కూడ దొరకుచున్నవి. కొందరికి వానివలన సుఖము కలుగును.

ఆటలు, పందెములు

కంప్యూటరు ఆటలను గూర్చి గ్రామములలో రెండు విధములైన అభిప్రాయములు కలవు. ఈ విషయమున పంచాయతీ సభ్యులు ఒక భేదమును స్పష్టముగా గుర్తింపవలెను. డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చేసిన చట్టము నిషేధించినది. పోటీ క్రీడలుగా ఆడు కంప్యూటరు ఆటలను ఆ చట్టమే ప్రోత్సహించుచున్నది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఇట్టి ఆటలకు పతకములు ఇచ్చిరి. కాబట్టి ఇంటిలో గాని, యువజన సంఘపు గదిలో గాని కుఱ్ఱవాండ్రు ఆటల మౌసు కావలెనని అడిగినంత మాత్రమున అది జూదమని త్రోసివేయుట న్యాయము కాదు. ఏ ఆట, డబ్బు ఒడ్డుట కలదా లేదా అనునది విచారింపవలెను.

ఆటల మౌసులో నిజముగా విలువైనవి మూడు: వేగముగా విసరినను దారి తప్పని సెన్సార్, తక్కువ బరువు, మన్నిక గల మీటలు. 60 గ్రాముల ప్రాంతమున తూగు మౌసులు నేడు లభించుచున్నవి. కార్యాలయపు మౌసులు తరచుగా 80, 100 గ్రాములుండును. బరువు తగ్గించుటకై పైతొడుగునకు తేనెపట్టువలె రంధ్రములు చేసిన రకములు కొన్ని కలవు. దుమ్ముతో నిండిన మన వీధుల ప్రక్క ఇండ్లలో అవి తగవని మా అభిప్రాయము. రంగురంగుల దీపములకు ఇచ్చు ధర కేవలము దీపములకే.

చదువునకు, లెక్కలకు, సాయంకాలము ఆటకు ఒకే మౌసు కావలెనను కుటుంబమునకు మధ్యతరగతి ఆటల మౌసు ఒకటి చాలును. తీగ గలది, ప్రక్కన రెండు మీటలు గలది, డి.పి.ఐ.ని 800 నుండి 1,600 వరకు మార్చుకొను వీలు గలది చూచుకొనవలెను. అది వేయి రూపాయల ప్రాంతమున లభించును. అంతకు పదిరెట్లు ఖర్చుచేసిన కుఱ్ఱవాని ఆట పదిరెట్లు మెరుగుపడునన్నది భ్రమ. కార్యాలయమునకు మాత్రము ఆటల మౌసు అనవసరము.

కొనుగోలు, పోషణ

తీగ లేని మౌసు చూచుటకు ముచ్చటగా ఉండును. కాని దాని సంకేతములను అందుకొను గోరంత ముక్క ఒకటి కంప్యూటరునకు గ్రుచ్చవలసియుండును. పలువురు మసలు గదిలో ఆ ముక్క పోయినచో మౌసు ఉండియు లేనట్లే. బ్యాటరీ సరిగా జనము బారులు తీరిన దినముననే అయిపోవుట కలదు. అందువలన సచివాలయమునకును, పాఠశాలకును తీగ గలదానినే సిఫారసు చేయుచున్నాము.

తీర్మానములో "మౌసు ఒకటి" అని మాత్రము వ్రాసినచో సరఫరాదారుడు తన వద్ద చౌకగా ఉన్నది ఇచ్చును. తీగ గల ఆప్టికల్ మౌసు, 1,000 డి.పి.ఐ., మధ్యన చక్రము, ఇరువైపుల సమానమైన ఆకారము, ఒకటిన్నర మీటరుకు తగ్గని తీగ, ఇన్ని సంవత్సరముల పూచీ అని వివరముగా వ్రాయవలెను. ప్రభుత్వ సంస్థల కొనుగోళ్ళకై 2016లో నెలకొల్పిన జెమ్ అను ఆన్‌లైన్ అంగడిలోను ఇట్టి వివరములతోనే వెదకవలెను. పెట్టెమీద తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరము, గరిష్ఠ చిల్లర ధర ఉండుట చట్టరీత్యా అవసరము. ఇవి లేని సరుకునకు పూచీ అడుగుటకు ఎవరును దొరకరు.

వచ్చిన మౌసును బిల్లు చెల్లించుటకు ముందే పరీక్షింపవలెను. తెరపై నెమ్మదిగా ఒక వృత్తము గీయించి బాణము ఎగురుచున్నదేమో చూడవలెను. ఒక్కొక్క మీటను ఇరువదిసార్లు నొక్కి, ఒక నొక్కు రెండుగా నమోదగుచున్నదేమో గమనింపవలెను. మీట లోపలి సన్నని లోహపు రేకు అరిగినపుడు కలుగు దోషమిది. పాత మౌసులలో తరచుగా కనబడును. దీనిని కనుగొనిన వెంటనే ఆ మౌసును చెల్లింపుల పనినుండి తొలగింపవలెను.

రెండు మౌసులు కొని ఒకటి బీరువాలో ఉంచుట మంచి పద్ధతి. అదియు లేని దినమున పని ఆపనక్కరలేదు. విండోస్ గల కంప్యూటరులో ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్ లాక్ మీటలను ఒక్కసారిగా నొక్కి, తెరపై వచ్చు ప్రశ్నకు సమ్మతి తెలిపినచో, కీబోర్డు కుడివైపునున్న అంకెల మీటలతోనే బాణమును నడుపవచ్చును. 5 అంకె నొక్కిన మౌసు నొక్కినట్లగును. కొంచెము నిదానమైనను బారులో నిలుచున్నవారి పని జరుగును.

వారమున కొకసారి తీగను ఊడదీసి, అడుగున కెమెరా రంధ్రమును పొడి దూదితో తుడిచి, అడుగుభాగపు నున్నని పట్టీలకు అంటిన మురికిని తీయవలెను. పాడైపోయినదానిని చెత్తకుప్పపై వేయరాదు. రాగి కొరకు తీగను కాల్చువారి చేతికి ఈయరాదు. ఆ పొగ మిక్కిలి హానికరము. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు కంప్యూటరుతోపాటు దాని ఉపకరణములకును వర్తించును; వానిని నమోదైన రీసైక్లింగు సంస్థలకు అప్పగించుట మేలు. మండలములోని పంచాయతీలు పాత మౌసులు, కీబోర్డులు, చెడిన బ్యాటరీలు ఒకచోట చేర్చి, సంవత్సరమున కొకసారి పంపించుట సులభము.