ఆజమాయిషీ లేని అడంగలు: నెట్‌వర్కు యంత్రముల పట్టీయు, యూనిక్సు సర్వరుపై దాని స్థాపనయు

దేవనహళ్ళి బెంగుళూరు నగరమునకు ఉత్తరముగా, హైదరాబాదు పోవు రాచబాటపై నున్నది. 1501లో మల్ల బైరేగౌడ కట్టించిన మట్టికోట హైదరాలీ కాలమున రాతికోట యయ్యెను. టిప్పు సుల్తాను జన్మస్థలము ఇదియే. చిక్కబళ్ళాపురము, కోలారు సీమలయందు వలెనే ఇచ్చటను ఇంట తెలుగు మాటాడు కుటుంబములు పెక్కు కలవు. 2008 మే 24వ తేదీన ఈ తాలూకాలో అంతర్జాతీయ విమానాశ్రయము పని ప్రారంభించినది. 2013లో దానికి కెంపేగౌడ పేరు పెట్టిరి. 2022 నవంబరులో రెండవ టెర్మినలుకు ప్రారంభోత్సవము జరిగినది. నాటి కోటకు గోడ యెక్కడ ముగియునో, ద్వారము లెన్నియో, ఊరి పసివాడును చూపగలిగెడివాడు. నేటి సంస్థల కోటకు ద్వారము లెన్నియో వాని కావలివారికే తెలియని సందర్భములు కలవు.

విమానాశ్రయము వంటి చోట టిక్కెట్టు పరీక్షించు బల్ల, సామాను కదలించు పట్టీ, రాకపోకలు తెలుపు ఫలకము, గోడమీది కెమెరా, దుకాణపు బిల్లు యంత్రము, ఇవన్నియు ఏదో యొక తీగచే ఏదో యొక స్విచ్చికి చేరియుండును. స్విచ్చి యనగా అనేక రంధ్రములు గల పెట్టె. ప్రతి రంధ్రమునకును ఒక సంఖ్య కలదు. దానిని పోర్టు అందురు. ఒక జాలమునుండి మరియొక జాలమునకు త్రోవ చూపునది రౌటరు. ఇట్టి పెట్టెలు పదియున్నచో ఒక మనుష్యుడు జ్ఞాపకమున నుంచుకొనగలడు. వందలైనచో కాగితము కావలెను. ఆ కాగితముపై వ్రాసినది నిజమగునో కాదో తేల్చుటకు వేరొక ఉపాయము కావలెను.

ఆంధ్రదేశమున కరణము అడంగలు వ్రాసెడివాడు. మైసూరు సీమలో శానుభోగు పహణి వ్రాసెడివాడు. ఇంట కూర్చుండి నిరుటి లెక్కనే ఈ యేటికి దింపిన అడంగలు ఎంత ముచ్చటైన దస్తూరితో నున్నను, పొలమున రాగిపైరు ఉన్నదో బీడు ఉన్నదో చెప్పజాలదు. కావుననే పొలము పొలమునకు తిరిగి, కంట చూచినదానిని లెక్కతో సరిపోల్చు ఆజమాయిషీ ఏర్పడినది. యంత్రముల పట్టీ విషయమునను ఇదియే న్యాయము. మనుష్యుడు వ్రాయునది అడంగలు. సాఫ్ట్‌వేరు తానై తిరిగి చూచి చెప్పునది ఆజమాయిషీ.

ఆజమాయిషీ లేకున్న నేమగునో తెలుపు ఉదంతము కలదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో 2018 ఏప్రిలులో ఒక చొరబాటు బయటపడినది. అనుమతి లేకుండ నెట్‌వర్కునకు తగిలించిన రాస్‌బెర్రీ పై అను అరచేతిలో నిముడు చిన్న కంప్యూటరే చొరబాటుదారులకు ద్వారమైనది. వారు సుమారు పది మాసములు ఎవరికంట పడక లోపల సంచరించి, 23 ఫైళ్ళనుండి ఇంచుమించు 500 మెగాబైట్ల సమాచారమును కొనిపోయిరి. 2019 జూనులో నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ ప్రకటించిన నివేదికలో యంత్రముల పట్టీ అసంపూర్ణముగా నుండెనని తెలుపబడినది. క్రొత్త యంత్రములను నమోదు చేయు వ్యవస్థ ఒక్కొక్కప్పుడు పనిచేయదనియు, పిదప వ్రాయుదమని యుండి తాను మరచిపోవుదుననియు ఒక ఉద్యోగి అందు చెప్పియున్నాడు. అంగారక గ్రహమునకు వాహనమును పంపిన సంస్థలో సైతము లెక్క మరపునకు వచ్చుట గమనింపదగినది.

ఇట్టి పట్టీని తానై కూర్చు సాఫ్ట్‌వేరులలో నెట్‌డిస్కో యనునది యొకటి. ఇది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాంతాక్రూజ్ శాఖలో పుట్టి, 2003 ప్రాంతమున లోకమునకు వెలువడినది. వెల లేనిది, మూలగ్రంథము అందరికిని తెరచియున్నది. పెర్ల్ భాషలో వ్రాయబడి, తన లెక్కలను పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను దత్తనిధిలో దాచుకొనును.

అది యంత్రములతో మాటాడు భాష ఎస్.ఎన్.ఎం.పి. 1988నుండి వాడుకలో నున్న ఈ భాషలో, నీ పేరేమి, నీ పోర్టు లెన్ని, నీ పొరుగువా రెవరు అని స్విచ్చిని అడుగవచ్చును. స్విచ్చులును తమ పొరుగువారికి తమ యునికిని ఎప్పటికప్పుడు చాటుచుండును గనుక, ఒక స్విచ్చి చిరునామా ఇచ్చిన చాలును. దాని పొరుగును, ఆ పొరుగునకు పొరుగును పట్టుకొనుచు నెట్‌డిస్కో జాలమంతయు చుట్టివచ్చును. పిమ్మట ప్రతి స్విచ్చినుండి, ఏ పోర్టు వెంబడి ఏ మ్యాక్ చిరునామా వినబడుచున్నదో ఆ పట్టికను తెచ్చును. రౌటరునుండి ఏ మ్యాక్ చిరునామాకు ఏ ఐపీ చిరునామా చెల్లునో తెచ్చును. రెంటిని జతపరచినచో, ఫలాని యంత్రము ఫలాని స్విచ్చిలో ఫలాని పోర్టునకు తగులుకొని యున్నదని తేలును.

మ్యాక్ చిరునామా 48 బిట్ల సంఖ్య. సాధారణముగా అందు మొదటి 24 బిట్లు తయారుచేసిన సంస్థను తెలుపును. ఆ భాగమును సంస్థలకు పంచి యిచ్చునది ఐ.ట్రిపుల్.ఈ. బి8:27:ఈబి అని మొదలగు చిరునామా రాస్‌బెర్రీ పై వారిది. మన యింటిపేరు వంటిదన్నమాట. కార్యాలయములో కొనని యింటిపేరు పట్టీలో కనబడినచో, అది యెవరి చుట్టమో విచారింపవలెను.

ఇక స్థాపన. లినక్సుగాని, ఫ్రీబీఎస్‌డీగాని, యూనిక్సు కుటుంబమునకు చెందిన ఏ సర్వరైనను చాలును. మొట్టమొదట నెట్‌డిస్కో పేర ఒక ప్రత్యేకమైన వాడుకరిని సృష్టింపవలెను. సర్వాధికారియగు రూట్ పేర దీనిని నడపుట కూడదు. సమస్త యంత్రముల రహస్యపదములును తెలిసిన నౌకరునకు ఇంటి తాళముల గుత్తి కూడ నిచ్చుట వివేకము కాదు. పెర్ల్ కంపైలింపునకు వలయు సామగ్రిని, ఎస్.ఎన్.ఎం.పి., పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లకు చెందిన పెర్ల్ అనుబంధములను ఆపరేటింగ్ సిస్టము భాండారమునుండియే తెచ్చుకొనుట మేలు. వానిని మూలమునుండి కట్టబోయి రోజులు పోగొట్టుకొనుట అనుభవము లేనివారికి సహజము.

పిదప పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో నెట్‌డిస్కో పేర ఒక ఖాతాను, ఆ ఖాతా సొంతముగా ఒక దత్తనిధిని ఏర్పరుపవలెను. ఆ ఖాతాకు ఇతర దత్తనిధులను సృష్టించు అధికారముగాని, ఇతర ఖాతాలను సృష్టించు అధికారముగాని ఇయ్యనక్కరలేదు. అటుపై నెట్‌డిస్కో వాడుకరిగా ప్రవేశించి, పెర్ల్ వారి సీప్యాన్ భాండారమునుండి సాఫ్ట్‌వేరును ఆ వాడుకరి ఇంటి డైరెక్టరీలోనే దింపుకొనవలెను. సర్వరులోని తక్కిన పెర్ల్ గ్రంథములకు దీనివలన చిక్కు రాదు.

డిప్లాయ్‌మెంట్.వైఎంఎల్ అను ఫైలులో దత్తనిధి రహస్యపదమును, స్విచ్చుల కమ్యూనిటీ పదమును వ్రాయవలెను. దానిని సొంతదారు తప్ప అన్యులు చదువకుండునట్లు 600 అనుమతి నియ్యవలెను. తరువాత నెట్‌డిస్కో-డిప్లాయ్ అను ఆజ్ఞ నిచ్చినచో, అది ప్రశ్నలు వేయుచు పట్టికలను నిర్మించి, నిర్వాహకుని పేరు అడిగి, తయారీదారుల చిరునామాల జాబితాను, యంత్రముల పరిభాషకు నిఘంటువుల వంటి ఎంఐబీ ఫైళ్ళను దింపుకొనును. ఇక రెండు సేవలను నడపవలెను: చూపునది వెబ్ సేవ, తిరిగి వెదకునది బ్యాకెండు. వెబ్ సేవ 5000 సంఖ్యగల పోర్టున వినును. సర్వరు నిలిచి మరల లేచినప్పుడు ఇవి రెండును తామై లేచునట్లు ఏర్పాటు చేయనిచో, ఒక రాత్రి కరెంటు పోయిన తరువాత ఆజమాయిషీ ఆగిపోయినదని ఎవరికిని తెలియదు.

మొదటి అన్వేషణకు ముందు పొలిమేర నిర్ణయింపవలెను. పొరుగును పట్టుకొనిపోవు సాధనమునకు ఎచట ఆగవలెనో చెప్పకున్న, అది అన్యుల స్విచ్చుల తలుపును తట్టును. విమానాశ్రయమున విమాన సంస్థలు, సుంకపు శాఖ, దుకాణదారులు ఒకే కప్పు క్రింద పనిచేయుదురు. ఏరోస్పేసు పార్కు వంటి చోట్లను గోడ ప్రక్కనే మరియొకరి గోడ. ఏ చిరునామాలను తాకవచ్చునో, ఏవి తాకరాదో డిస్కవర్-ఓన్లీ, డిస్కవర్-నో అను రెండు నియమములచే ముందే వ్రాయుట మర్యాదయు, క్షేమమును.

స్విచ్చుల కమ్యూనిటీ పదమును పబ్లిక్ అని వదలివేయుట బహుకాలముగా నున్న దురభ్యాసము. ఎస్.ఎన్.ఎం.పి. మొదటి రెండు తరములలో ఈ పదము తీగపై మరుగు లేకయే పోవును. 2002లో ప్రమాణమైన మూడవ తరములో గుర్తింపును, గుప్తలేఖనమును కలవు. పాత యంత్రములు అనుమతించినంతవరకు దానినే వాడదగును.

ఒకసారి నడక సాగిన తరువాత నెట్‌డిస్కో యంత్రములను దినమున కొకసారి, చిరునామాలను గంటకొకసారి చూచివచ్చును. ప్రతి చిరునామాకును మొదట కనబడిన వేళ, కడపట కనబడిన వేళ నిలిచియుండుటచే గడచిన సంగతియు తెలియును. ఈ వేళల విలువ సర్వరు గడియారముపై ఆధారపడియున్నది. 2022 ఏప్రిల్ 28న భారతప్రభుత్వపు సర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశములలో గడియారములను ఎన్.ఐ.సి. లేక జాతీయ భౌతిక ప్రయోగశాల కాలముతో సరిపరచుకొనవలెననియు, సైబరు ఉపద్రవమును ఆరు గంటలలో తెలుపవలెననియు కలదు. ఏ పోర్టులో ఏమున్నదో వెదకుటకే ఆరు గంటలు పట్టు చోట ఈ రెండవ నియమము పాటించుట ఎట్లో ఊహింపవచ్చును.

ఈ సాధనమునకు లోపములు లేకపోలేదు. ఎస్.ఎన్.ఎం.పి. తెలియని చవుక స్విచ్చి దానికి మాటాడదు. ఒకే పోర్టున నాలుగైదు మ్యాక్ చిరునామాలు వినబడుటచే మాత్రమే దాని జాడ తెలియును. చిరునామాను మార్చి చెప్పు మోసగాడు తప్పించుకొనగలడు. 2019, 2020 సంవత్సరములనుండి ఆండ్రాయిడు, ఆపిలు ఫోనులు తమ నిజమైన మ్యాక్ చిరునామాను దాచి, వైఫై జాలమునకొక కల్పిత చిరునామా చూపుచున్నవి. అట్టివానిలో రెండవ అక్షరము 2, 6, ఏ, ఈ లలో నొకటిగా నుండును. బాటసారుల ఫోనులు వేలకు వేలు వచ్చిపోవు చోట అతిథుల వైఫైని ఈ లెక్కనుండి వేరుచేయనిచో, పట్టీ నిండ ఇంటిపేరు లేని వారే కనబడుదురు. పనికివచ్చు నాలుగు పంక్తులు ఆ రద్దీలో మునిగిపోవును.