ధోనీ అవుటైతే సర్వరుకేం కష్టం?

2019 జూలై 10. మాంచెస్టర్‌లో ప్రపంచ కప్ సెమీఫైనల్. న్యూజిలాండ్‌పై గెలుపు కోసం ధోనీ పోరాడుతున్నాడు. ఆ రోజు హాట్‌స్టార్‌లో ఒకేసారి ఆట చూసినవారి సంఖ్య 2 కోట్ల 53 లక్షలకు చేరింది! అంతలో గప్టిల్ విసిరిన బంతి వికెట్లను తాకింది. ధోనీ రనౌట్.

మన గుండె జారింది సరే, ఎక్కడో ఉన్న సర్వర్ల సంగతి ఏమిటి? జనం వెళ్ళిపోయారు కనుక వాటికి విశ్రాంతి అనుకుంటున్నారా? ఆట దృశ్యాలు పంపే సర్వర్లకు విశ్రాంతే. కాని వెనక్కి మళ్ళిన వారికి మొదటి పేజీ కనబడాలి కదా! లక్షలాది మంది ఒక్కమారుగా అడిగేసరికి ఆ పేజీని అందించే సర్వర్లపై భారం హఠాత్తుగా పెరుగుతుంది.

సర్వరంటే అడిగినవారికి అడిగింది పంపే కంప్యూటరు. ఎక్కువ పెట్టుకుంటే అద్దె, కరెంటు దండగ. తక్కువైతే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. మరి ఎన్ని కావాలి?

ఈ లెక్క కంప్యూటర్ల కంటే పాతది. కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1909లోనే దీనికి పునాది వేశాడు. ఎన్ని లైన్లు వేస్తే చాలునన్నది ఆయన సమస్య.

ఒకే కిటికీ ఉన్న టికెట్ల కౌంటరును ఊహించండి. సగటున ఒక్కొక్కరికి 1 నిమిషం పడుతుంది; ఒకరికి త్వరగా, ఇంకొకరికి ఆలస్యంగా. జనమూ వేళాపాళా లేకుండా వస్తారు. గుమాస్తాకు తన సమయంలో సగం మాత్రమే పని ఉంటే, వరుసలో సగటున 1 నిమిషం నిలబడాలి. 80 శాతం పని ఉంటే 4 నిమిషాలు. 90 శాతమైతే 9. 95 శాతమైతే ఏకంగా 19! పని శాతాన్ని ఖాళీ శాతంతో భాగిస్తే నిమిషాలు వచ్చేస్తాయి. 99 శాతానికి మీరే కట్టి చూడండి. ఖాళీగా కూర్చున్న గుమాస్తాను చూసి “జీతం దండగ” అనే పెద్దమనుషులకు కూడా చూపించండి.

రద్దీ వచ్చాక కొత్త సర్వర్లు తెరవవచ్చు కదా అంటారేమో. అవి లేచి పనికి సిద్ధం కావడానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా చూసేవారు లక్షల్లో వచ్చి పడతారు. అందుచేత పెద్ద ఆటలకు ముందుగానే కొన్నిటిని ఊరికే తిప్పుతూ ఉంచుతారు. అప్పటికీ చాలకపోతే, “మీకు నచ్చే సినిమాలు” వంటి సలహాలను కాసేపు ఆపి, ఆటను మాత్రం ఆగనివ్వరు.

2023 నవంబరు 19న అహ్మదాబాద్ ఫైనల్ నాటికి ఒకేసారి చూసినవారు 5 కోట్ల 90 లక్షలు.