కత్తెర వేసిన వైపే ధర ఉంటుంది

మొన్న మెడికల్ షాపులో నా ముందు నిలబడ్డ పెద్దావిడ బీపీ మాత్రలు అయిదే అడిగింది. పింఛను వచ్చేదాకా అవి చాలంది. కౌంటర్లో కుర్రాడు షీటు తీసి, కత్తెరతో అయిదు మాత్రలు కత్తిరించి, కాగితం కవర్లో వేసి ‘‘నలభై అమ్మా’’ అన్నాడు. ధర, బ్యాచి నంబరు, గడువు తేదీ అచ్చేసిన ముక్క మళ్లీ డబ్బాలోకి వెళ్లిపోయింది. ఆమె నలభై ఇచ్చి వెళ్లింది. ఆ లెక్క సరైనదో కాదో చూసుకోవడానికి ఆమె చేతిలో ఏమీ మిగల్లేదు.

విడి మాత్రలకూ చట్టంలో లెక్క ఉంది. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, షీటు ధరను మాత్రల సంఖ్యతో భాగిస్తే వచ్చేదానికంటే ఒక్క పైసా ఎక్కువ తీసుకోకూడదు. 15 మాత్రల షీటు రూ.105 అయితే ఒక్కో మాత్ర ఏడు రూపాయలు, అయిదింటికి 35. భాగహారం ఎవరైనా చేస్తారు. కానీ చేయాలంటే ముందు షీటు ధర కనబడాలి కదా!

ఆ షీటు ధర, అంటే ఎమ్మార్పీ, ఎక్కడి నుంచి వస్తుంది? తయారీ ఖర్చు మీద కొంత లాభం వేసి నిర్ణయిస్తారని చాలామంది అనుకుంటారు. 2013కు ముందు నియంత్రణలో ఉన్న మందులకు దాదాపు అలాగే జరిగేది. ఇప్పుడలా కాదు. అత్యవసర మందుల జాతీయ జాబితాలో (2022 నాటి జాబితాలో 384 మందులున్నాయి) ఉన్నవాటికి జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ, అంటే ఎన్‌పీపీఏ, గరిష్ఠ ధర కడుతుంది. ఒకే మందును అమ్ముతున్న బ్రాండ్లలో మార్కెట్ వాటా 1 శాతం, అంతకు మించి ఉన్నవాటిని తీసుకుని, అవి దుకాణదారుకు ఏ ధరకు ఇస్తున్నాయో చూసి సగటు తీస్తుంది. ఆ సగటు మీద దుకాణదారుకు 16 శాతం కలుపుతుంది. సగటు రూ.100 అనుకుంటే గరిష్ఠ ధర 116. పైన జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి, అంతకుముందు రూ.129.92 పడిన షీటు ఇప్పుడు రూ.121.80 దాటకూడదు.

ఈ లెక్కలో తయారీ ఖర్చు ఎక్కడా లేదు. అందరూ ఎక్కువకే అమ్ముతుంటే సగటూ ఎక్కువే వస్తుంది. పైగా అది మామూలు సగటు: 1 శాతం వాటా ఉన్న బ్రాండుకూ 30 శాతం వాటా ఉన్న బ్రాండుకూ ఒకే విలువ. హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్ల, బొల్లారంలోనో, విశాఖ దగ్గర పరవాడలోనో తయారయ్యే ముడిమందు కిలో ఎంతకు పోతోందో ఆ షీటు మీది అంకెను చూసి ఎవరూ చెప్పలేరు.

ఈ గరిష్ఠ ధరలు ఏటా ఏప్రిల్‌లో టోకు ధరల సూచీని బట్టి మారతాయి. 2022లో 10.77 శాతం, 2023లో 12.12 శాతం పెంచుకునే వీలు వచ్చింది. 2024లో పెరుగుదల దాదాపు సున్నా, 2025లో 1.74 శాతం. జాబితాలో లేని మందుల సంగతి వేరు. వాటి మొదటి ధర సాధారణంగా కంపెనీ ఇష్టం. ఆ తర్వాత ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు, అంతే. వంద రూపాయల మందును ఏటా పది శాతం చొప్పున పెంచుకుంటూ పోతే అయిదేళ్లకు 161 అవుతుంది, అదీ నిబంధన లోపలే.

ఇక ‘20 శాతం డిస్కౌంటు’ బోర్డుల దగ్గరికి వద్దాం. నియంత్రణలో ఉన్న మందు మీద రూ.116లో దుకాణదారుకు మిగిలేది 16, అంటే 13.8 శాతం. మరి ఇరవై శాతం ఎలా వదులుకుంటున్నాడు? పది డబ్బాలు కొంటే ఒకటి ఉచితంగా ఇచ్చే స్కీములు ఉంటాయి, కొంత అక్కడ సర్దుకుంటుంది. అసలు మిగులు వేరేచోట ఉంది. ప్రచారం లేకుండా నేరుగా దుకాణాలకు అమ్మే జనరిక్ మందులున్నాయి. అలాంటి షీటు ఒకటి దుకాణదారుకు రూ.12కు పడిందనీ, దాని మీద ఎమ్మార్పీ 60 అని అచ్చేశారనీ అనుకుందాం. ఇరవై శాతం తగ్గించి 48కి ఇస్తాడు. మనం 12 రూపాయలు మిగిలాయని సంతోషిస్తాం, ఆయనకు 36 మిగులుతుంది. అదే మందు వేరే బ్రాండులో ఏ డిస్కౌంటూ లేకుండా 40కే దొరుకుతూ ఉండొచ్చు. దుకాణదారును తప్పుపట్టడం కాదు నా ఉద్దేశం, ఎమ్మార్పీ అచ్చేసేది ఆయన కాదు. డిస్కౌంటు ఎంత అన్నది కొలత కాదంటున్నాను. ఏ అంకె మీద డిస్కౌంటు ఇస్తున్నారో అది చూడాలి.

మధ్యలో మార్జిన్లు ఎంత పెరగగలవో తెలియాలంటే 2019 ఫిబ్రవరిని గుర్తుచేసుకోవాలి. నియంత్రణలో లేని 42 క్యాన్సర్ మందులకు ఎన్‌పీపీఏ ఒకే ఒక్క షరతు పెట్టింది: వ్యాపార మార్జిన్ 30 శాతం మించకూడదు. కంపెనీని తన అమ్మకం ధర తగ్గించుకోమనలేదు. ఆ ఒక్క షరతుతో కొన్ని బ్రాండ్ల ఎమ్మార్పీ 87 శాతం దాకా పడిపోయింది. అంటే వెయ్యి రూపాయలున్నది 130కి వచ్చింది. మందు అదే, కంపెనీ అదే. పొలం అమ్మి, నగలు తాకట్టు పెట్టి వైద్యం చేయించిన కుటుంబాలు మనకందరికీ తెలుసు. అంతకుముందు వాళ్లు కట్టిన బిల్లుల్లో ఎంత భాగం మందుది, ఎంత భాగం మధ్యవారిది అన్నది ఆ షీట్ల మీద ఎవరూ రాయలేదు. గుండె స్టెంట్లదీ ఇదే కథ. 2017 ఫిబ్రవరిలో మందు పూసిన స్టెంటుకు పన్నులు కాక రూ.29,600 గరిష్ఠ ధర కట్టారు. అప్పటిదాకా వాటి సగటు ఎమ్మార్పీ సుమారు లక్షా 21 వేలు.

ధర తెలుసుకునే హక్కు కాగితం మీద ఉంది. కంపెనీ ఇచ్చిన ధరల పట్టికను దుకాణంలో అందరికీ అందుబాటులో ఉండేలా ప్రదర్శించాలని 2013 ఉత్తర్వే చెబుతోంది. నేను వెళ్లిన షాపుల్లో ఒక్కదాంట్లోనూ అది కనబడలేదు. ఫోన్లో ‘ఫార్మా సహీ దామ్’ అన్న ఎన్‌పీపీఏ యాప్ ఉంది, మందు పేరు కొడితే గరిష్ఠ ధర చూపిస్తుంది. 2023 ఆగస్టు నుంచి 300 ప్రధాన బ్రాండ్ల మీద క్యూఆర్ కోడు తప్పనిసరి చేశారు. అందులో మందు అసలు పేరు, తయారీదారు, బ్యాచి, గడువు అన్నీ ఉండాలి. ఉండాల్సిన వివరాల్లో ధర మాత్రం లేదు. అంత చిన్న గడిలో ఇంకో అంకె పట్టదా?

కొనేవాళ్లకు ఉపయోగపడేది మాత్ర ధర, షీటు ధర కాదు. పది మాత్రల షీటు 82, పదిహేనింటి షీటు 105 అంటే మొదటిది చవకని చెయ్యి దానిమీదికే పోతుంది. మాత్ర లెక్కన చూస్తే 8.20 ఒకటి, 7 ఒకటి. బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు, మిల్లీగ్రాములు చదివి, జన ఔషధి కేంద్రంలో అదే ఎంతో అడగండి. మార్చుకునే ముందు డాక్టరుకు ఒక మాట చెప్పండి.

గరిష్ఠ ధర దాటిన ఎమ్మార్పీలతో ఉన్న మందులను తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ దాడుల్లో పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. కాబట్టి అచ్చులో ఉన్నంత మాత్రాన ఆ అంకె సరైనదని నమ్మనక్కర్లేదు. ఫిర్యాదు చేయాలంటే బిల్లు, బ్యాచి నంబరు దగ్గర ఉండాలి. అయిదు మాత్రలు కొన్నా బిల్లు అడగండి. కత్తిరించే ముందు షీటు ఒకసారి ఇమ్మని, వెనకవైపు ఫోన్లో ఫొటో తీసుకోండి.